అద్దం లేని చిన్న కెమెరాలు: చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల్లో గుణదోషాల సమీక్ష

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిలో పోలీసు అకాడమీ దాటిన తర్వాత వచ్చే మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఫొటోగ్రాఫరుకు ఎదురయ్యే పనులన్నీ కొద్ది కిలోమీటర్ల వ్యవధిలోనే కనిపిస్తాయి. రోడ్డుకు ఇరుపక్కలా దాదాపు 900 పాత మర్రిచెట్లు ఉన్నాయి. మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, వాటి ఒడ్డున వాలే నీటిపక్షులు ఉన్నాయి. చిలుకూరులో బాలాజీ ఆలయం, దానికి దగ్గర్లోనే 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన మృగవని ఉన్నాయి. చామంతి, బంతి, గులాబీ తోటలతో పాటు పెళ్లిళ్లు జరిగే ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో వెలువడిన 111 జీవో భారీ నిర్మాణాలను చాలాకాలం అడ్డుకోవడం, నగరానికి ఇంత దగ్గరలో ఇంత ఆరుబయలు మిగలడానికి ఒక ముఖ్యమైన కారణం.

ఇక్కడ పెళ్లి ఫొటోలతో జీవనం సాగించేవారికి, సెలవు రోజున పక్షుల కోసం వచ్చేవారికి, మర్రిచెట్లను చిత్రాల్లో భద్రపరచాలనుకునేవారికి ఈనాడు ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: లెన్సు మార్చుకునే వీలుండి, పరిమాణంలో చిన్నవైన డిజిటల్ కెమెరాలు అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల స్థానాన్ని పూర్తిగా తీసుకోగలవా, తీసుకుంటే ఏ లాభానికి ఏ నష్టం ఓర్చుకోవాలి? వాడుకలో మిర్రర్‌లెస్ అని పిలిచే ఈ కెమెరాల గురించి చిన్నవి, తేలికైనవి అన్న మాటే ముందుగా వినిపిస్తుంది. అయితే వాటి నిజమైన బలం చిన్నతనంలో కన్నా అవి చూసే తీరులోనూ, ఫోకస్ చేసే తీరులోనూ ఉందని, చిన్నతనం మాత్రం లెన్సును బట్టి నిజమో అబద్ధమో అవుతుందని వాటి నిర్మాణాన్ని పరిశీలిస్తే తేలుతుంది.

అద్దం తీసేయడం వల్ల మారినది

డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు నుంచి వచ్చిన వెలుగును ఏటవాలుగా అమర్చిన అద్దం పైకి మళ్లిస్తుంది. పైనున్న గాజు పట్టకం ఆ వెలుగును తిప్పి, బొమ్మను సరైన దిశలో కంటికి చేరుస్తుంది. షట్టర్ బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, వెలుగు వెనకనున్న సెన్సర్ మీద, అంటే వెలుగును విద్యుత్ సంకేతాలుగా మార్చే పలక మీద పడుతుంది. అద్దం లేచి దిగడానికి చోటు కావాలి కాబట్టి లెన్సు బిగించే వలయానికీ, అంటే మౌంటుకూ, సెన్సర్‌కూ మధ్య ఎడం ఎక్కువగా ఉంచక తప్పదు. ఈ ఎడం కెనాన్ ఈఎఫ్ కెమెరాల్లో 44 మి.మీ., నికాన్ ఎఫ్ కెమెరాల్లో 46.5 మి.మీ. అద్దాన్నీ పట్టకాన్నీ తొలగించి, సెన్సర్ మీద పడిన బొమ్మనే చిన్న తెర మీద చూపించడం మొదలుపెట్టాక ఈ ఎడం సోనీ ‘ఈ’ మౌంటులో 18 మి.మీ.కు, నికాన్ జడ్ మౌంటులో 16 మి.మీ.కు తగ్గింది. కెమెరా బాడీ పలచబడటానికి మూలకారణం ఇదే. పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులను ఒక అడాప్టర్ సాయంతో కొత్త బాడీకి బిగించుకోగలగడం కూడా ఈ తగ్గిన ఎడం వల్లే సాధ్యమైంది. అడాప్టర్ ఆ తేడా చోటును పూడుస్తుంది.

ఒలింపస్, పానసోనిక్ సంస్థలు 2008 ఆగస్టులో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించగా, అదే ఏడాది పానసోనిక్ జీ1 మార్కెట్‌లోకి వచ్చింది. 2010లో శాంసంగ్, సోనీ, 2011లో నికాన్, 2012లో ఫ్యూజీఫిల్మ్, కెనాన్ తమ తమ వరుసలను ప్రారంభించాయి. 2013లో సోనీ ఏ7 రావడంతో 36x24 మి.మీ. కొలత ఉన్న పెద్ద సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్, చిన్న బాడీలో ఇమడగలదని రుజువైంది. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలను తెచ్చాయి. 2020లో జపాన్ తయారీదారులు సరఫరా చేసిన మిర్రర్‌లెస్ కెమెరాల సంఖ్య తొలిసారి డీఎస్ఎల్ఆర్‌లను మించింది. ఆ తర్వాత కొత్త పరిశోధన, కొత్త లెన్సులు దాదాపు అన్నీ ఇటువైపే సాగుతున్నాయి.

ఫొటోగ్రఫీ చరిత్రలో బరువు తగ్గిన ప్రతిసారీ చిత్రాల విషయం కూడా మారింది. 19వ శతాబ్దం చివర ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ కాలంలో గాజు పలకలు, పెద్ద చెక్క కెమెరా, స్టాండు మోయాలంటే మనుషులు కావాలి. అందువల్ల ఆ కాలపు చిత్రాల్లో కదలకుండా కూర్చున్న ప్రభువులు, భవనాలు ఎక్కువ. కెమెరా భుజానికి వేలాడే స్థాయికి తగ్గాక వీధీ, పొలమూ, సంతా చిత్రాల్లోకి వచ్చాయి. కాబట్టి కెమెరా చిన్నదవడాన్ని కేవలం సౌకర్యంగా చూసి సరిపెట్టలేం. ఏది చిత్రమవుతుందో ఏది కాదో నిర్ణయించడంలో దానికీ పాత్ర ఉంది.

సెన్సర్ పరిమాణం

చిన్న కెమెరాలన్నీ ఒక్క కోవలోవి కావు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం 864 చదరపు మి.మీ.; క్రాప్ సెన్సర్ అని పిలిచే ఏపీఎస్-సీ రకం సుమారు 367; మైక్రో ఫోర్ థర్డ్స్ సుమారు 225. ఒకే అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రపు నిష్పత్తి, ఒకే షట్టర్ వేగం పెట్టినప్పుడు చదరపు మిల్లీమీటరుకు పడే వెలుగు అన్నిటిలో సమానమే అయినా, మొత్తం బొమ్మకు అందే వెలుగు వైశాల్యాన్ని బట్టి మారుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌తో పోలిస్తే ఫుల్ ఫ్రేమ్‌కు దాదాపు నాలుగు రెట్ల వెలుగు అందుతుంది కాబట్టి చీకటిలో తీసిన చిత్రంలో గరగర, అంటే నాయిస్, తక్కువగా ఉంటుంది.

ఈ తేడా మధ్యాహ్నపు ఎండలో బంతి తోట తీసేటప్పుడు దాదాపు కనిపించదు; బతుకమ్మ రాత్రి కనిపిస్తుంది. ఊరి మధ్యలో ఒకటి రెండు దీపస్తంభాల వెలుగులో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే, చేతుల కదలిక చెదరకుండా పట్టాలంటే షట్టర్ కనీసం సెకనులో 250వ వంతు ఉండాలి. అంత తక్కువ సమయంలో చాలినంత వెలుగు రాదు కాబట్టి ఐఎస్ఓను, అంటే సంకేతాన్ని పెంచే స్థాయిని, 3200కో 6400కో తీసుకువెళ్లక తప్పదు. అక్కడ చిన్న సెన్సర్ చిత్రంలో గునుగు పూల తెలుపు, తంగేడు పసుపు, చీరల ముదురు రంగులు కొంత మసకబారతాయి. అయితే చిన్న సెన్సర్ కెమెరాకు ఎఫ్ 1.7 వంటి పెద్ద అపెర్చర్ లెన్సు, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఎఫ్ 4 జూమ్ బిగిస్తే ఈ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది. సెన్సర్ గురించి లెన్సును విడిచి చెప్పే తీర్పు అందువల్ల ఎప్పుడూ సగం తీర్పే.

పెద్ద సెన్సర్ వల్ల నేపథ్యం మెత్తగా మసకబారడం పెళ్లి ఫొటోలకు మేలు చేస్తుంది. ఆ మసకే పువ్వును దగ్గర నుంచి తీసేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. చామంతి పువ్వు మధ్య బొడ్డు నుంచి చివరి రేకు దాకా స్పష్టంగా రావాలంటే ఫుల్ ఫ్రేమ్‌లో అపెర్చర్‌ను బాగా మూయాలి, దానితో వెలుగు తగ్గుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో అదే స్పష్టత అపెర్చర్‌ను రెండు మెట్లు తక్కువగా మూసినా వస్తుంది. తోటలు, పురుగులు, కాయల మీద తెగుళ్లు చిత్రించేవారికి చిన్న సెన్సర్ ఉపయోగపడుతుందనడానికి కారణం ఇదే.

లెన్సు దగ్గర తేలే అసలు లెక్క

బాడీ బరువు మాత్రమే చూస్తే తేడా పెద్దదే. 2012 నాటి కెనాన్ 5డీ మార్క్ 3 బ్యాటరీతో కలిపి సుమారు 950 గ్రాములుంటే, 2013 నాటి సోనీ ఏ7 అందులో సగమే. కాని ఒక నిర్ణీత దృశ్యకోణానికి, ఒక నిర్ణీత అపెర్చర్‌కు, ఒక నిర్ణీత సెన్సర్‌కు కావలసిన గాజు ఎంతో కాంతిశాస్త్రం నిర్ణయిస్తుంది. అద్దం తీసేసినంత మాత్రాన అది తగ్గదు. ఫుల్ ఫ్రేమ్ కోసం 2016లో సోనీ తెచ్చిన 70-200 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు, డీఎస్ఎల్ఆర్‌కు కెనాన్ చేసిన అదే కొలతల లెన్సు, రెండూ ఒకటిన్నర కిలోకు దగ్గరగానే ఉన్నాయి. 2021లో సోనీ దాని రెండో రూపాన్ని 1045 గ్రాములకు తగ్గించింది. అయితే ఆ తగ్గుదల కొత్త గాజు, కొత్త మోటార్ల రూపకల్పన ఫలితం.

వెడల్పైన దృశ్యాన్ని చూపే లెన్సుల్లోనూ, మామూలు కోణపు లెన్సుల్లోనూ మాత్రం చిన్నతనం నిజమే. లెన్సు వెనక గాజు సెన్సర్‌కు దగ్గరగా రాగలదు కాబట్టి వాటిని చిన్నవిగా, అంచుల దాకా పదునుగా చేయడం సులువైంది. 2009లో వచ్చిన పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్ 1.7 లెన్సు బరువు 100 గ్రాములే. మర్రిచెట్ల రహదారి మీద నడుస్తూ తీసేవారికి ఇటువంటి లెన్సు, చిన్న బాడీ చాలు. మెడ నొప్పి లేకుండా పూట గడుస్తుంది.

పక్షుల దగ్గర ఈ లెక్క మరింత సంక్లిష్టం. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట పొలాల పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు గోధుమరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పిన క్షణంలోనే దాని ముదురు, లేత నీలాలు బయటపడతాయి. ఆ క్షణాన్ని పట్టాలంటే పొడవైన లెన్సు, సెకనులో 2000వ వంతు దగ్గర షట్టర్, ఉదయపు తక్కువ వెలుగులో పెద్ద అపెర్చర్ మూడూ కావాలి. ఒలింపస్ 300 మి.మీ. ఎఫ్ 4 లెన్సు స్టాండు పట్టీ లేకుండా సుమారు 1270 గ్రాములు. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 600 మి.మీ. ఇచ్చే దృశ్యకోణాన్నే ఇస్తుంది. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు చేసిన 600 మి.మీ. ఎఫ్ 4 మూడో రూపం మూడు కిలోల పైమాటే. ఈ పోలికను విక్రేతలు ఇక్కడితో ఆపుతారు; మొత్తం వెలుగు లెక్కలో ఒలింపస్ లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 8తో సమానమన్నది కూడా కలిపి చెప్పాలి. బరువులో ఆదా అయినదానిలో పెద్ద భాగం వెలుగును వదులుకోవడం వల్ల వచ్చినదే. మృగవనిలో చెట్ల నీడన జింకను తీసేవారికి ఆ వెలుగు అవసరం. హిమాయత్‌సాగర్ ఒడ్డున ఎండలో గూడబాతులను తీసేవారికి అంత అవసరం లేదు. స్టాండు లేకుండా పొద్దంతా నడిచే వ్యక్తికి తేలికైన లెన్సు ఇచ్చే అవకాశాలు, బరువైన లెన్సు ఇచ్చే నాణ్యత కంటే ఎక్కువ చిత్రాలను తెచ్చిపెడతాయి.

చూపు, ఫోకస్, నిలకడ

అద్దం లేని ఈ కెమెరాల అసలైన లాభాలు మూడు. మొదటిది, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్: కంటి దగ్గరున్న చిన్న తెర మీద, తీయబోయే చిత్రం వెలుగునీడలతో సహా తీయకముందే కనిపిస్తుంది. మర్రి కొమ్మల కింద చిక్కని నీడ, దాని అవతల రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ ఒకే చట్రంలో ఉన్నప్పుడు డీఎస్ఎల్ఆర్ వాడేవారు అంచనాతో తీసి, తర్వాత సరిచూసుకునేవారు. ఇక్కడ ఊడలు నల్లటి ముద్దగా మారుతున్నాయో, ఆకాశం తెల్లగా కాలిపోతోందో ముందే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి గురువు ఉండడు.

రెండోది, ఫోకస్. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచే పరికరం అద్దం కింద వేరుగా ఉండి, చట్రం మధ్య భాగాన్ని మాత్రమే చూసేది. లెన్సుకూ ఆ పరికరానికీ సర్దుబాటు కుదరకపోతే ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో జరిగేది. మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ కొలుస్తుంది కాబట్టి ఆ తేడా రాదు, చట్రం అంచుల దాకా ఫోకస్ కుదురుతుంది, ముఖాన్నీ కంటినీ గుర్తించి వెంబడించడం సాధ్యమవుతుంది. ముహూర్త సమయంలో వధూవరుల మధ్యనున్న అడ్డుతెర తొలగిన మరుక్షణం ఫోకస్ బట్ట మీది నుంచి కళ్ల మీదికి మారాలి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ముఖాల ముందు ఎగిరే బియ్యపు గింజల మీదికి అది జారకూడదు. తిరిగి చేయించలేని ఇటువంటి ఘట్టాల్లో కంటిని పట్టుకునే ఫోకస్ చేసే మేలు మిగతా అన్ని గుణాలకన్నా పెద్దది. తొలి మిర్రర్‌లెస్ కెమెరాలు మాత్రం ఈ పనిలో వెనకబడే ఉండేవి. అవి బొమ్మ పదును పెరిగేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి చూసే పద్ధతి మీద ఆధారపడేవి. సెన్సర్‌లోనే దూరాన్ని అంచనా కట్టే బిందువులు చేర్చాక, ఆ లోటు తీరింది. పాత మోడళ్లను సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఈ తేడాను గమనించాలి.

మూడోది, సెన్సర్ స్థిరీకరణ: చెయ్యి వణికిన దిశకు ఎదురుగా సెన్సరే కదిలి బొమ్మను నిలబెట్టడం. 2012లో ఒలింపస్ ఈ-ఎం5 ఐదు దిశల స్థిరీకరణ తెచ్చింది. 2014లో సోనీ ఏ7 2 దానిని ఫుల్ ఫ్రేమ్‌కు తెచ్చింది. స్థిరీకరణ లేని పాత లెన్సులకు కూడా ఇది పనిచేస్తుంది. కదలని గోపురానికి, సాయంత్రపు జలాశయానికి దీని మేలు చాలా ఉంది. కదిలే మనిషికి, ఎగిరే పిట్టకు మాత్రం వేగమైన షట్టరే దిక్కు. వీటికి తోడు, చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వల్ల జింక బెదరకుండా, సంగీత సభ చెదరకుండా తీయడం వీలవుతుంది.

లోపాలు, వాటి కారణాలు

ఈ లాభాలన్నిటికీ ప్రధాన మూల్యం విద్యుత్తు. డీఎస్ఎల్ఆర్‌లో దృశ్యం చూడటానికి బ్యాటరీ ఖర్చు ఉండదు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్, తెర నిరంతరం పనిచేస్తూనే ఉండాలి. ప్రామాణిక పరీక్షలో 5డీ మార్క్ 3 ఒక చార్జికి సుమారు 950 చిత్రాలు తీయగా ఏ7 సుమారు 340 తీసింది. 2018 నాటి ఏ7 3 పెద్ద బ్యాటరీతో 700 దాటింది. అర్ధరాత్రి ముహూర్తం ఉన్న పెళ్లికి రెండు మూడు బ్యాటరీలు జేబులో లేకుండా వెళ్లడం ఇప్పటికీ సాహసమే.

రెండో లోపం ఎలక్ట్రానిక్ షట్టర్‌కు సంబంధించినది. చాలా సెన్సర్లు చిత్రాన్ని పైవరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతాయి; ఆ చదువుకు పట్టే కాలంలో వస్తువు కదిలితే రూపం వంగుతుంది, దీపం మినుకుమంటే చిత్రం మీద అడ్డచారలు వస్తాయి. మన దేశంలో విద్యుత్ సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి దానిమీద నేరుగా నడిచే దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువలవుతాయి. ఫంక్షన్ హాలు వేదిక మీది ఎల్ఈడీ తెరలు, రంగు దీపాలు ఇంకా వేగంగా మినుకుతాయి. కంటికి తెలియని ఈ మినుకు వధువు ముఖం మీద చారగా మిగిలిపోతుంది. హాలులో యాంత్రిక షట్టర్ వాడటం, వేగాన్ని 50వ లేదా 100వ వంతుకు దగ్గరగా ఉంచడం దీనికి అందుబాటులో ఉన్న మందు. 2017 నాటి సోనీ ఏ9 వంటి కెమెరాలు వేగంగా చదివే సెన్సర్‌తో, 2023లో ప్రకటించిన ఏ9 3 అన్ని వరుసలనూ ఒక్కసారే చదివే సెన్సర్‌తో ఈ లోపాన్ని ఎదుర్కొన్నాయి. వాటి ధర మండల కేంద్రంలోని స్టూడియోకు అందేది కాదు.

మూడో లోపం దుమ్ము. లెన్సు తీసినప్పుడు అడ్డుగా అద్దం లేని సెన్సర్ చాలా మోడళ్లలో నేరుగా గాలికి బయటపడుతుంది. రోడ్డు పనుల ధూళి, వేసవిలో పొలాల నుంచి లేచే మట్టి ఉన్న చోట లెన్సు మార్చడం అంటే సెన్సర్ మీద మచ్చలను ఆహ్వానించడమే. కెమెరా ఆపి, మూతిని కిందికి వంచి, గాలికి వీపు పెట్టి మార్చడం, వీలైతే ఒకే జూమ్‌తో బయట పని ముగించుకోవడం మంచిది. వానాకాలపు చెమ్మలో లెన్సు గాజు మీద ఫంగస్ పట్టడం అన్ని కెమెరాలకూ ఉన్న బెడదే. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ సంచులు దానికి సరిపోతాయి.

ఎండ నాలుగో ఇబ్బంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే వేడిలో 4కే వీడియో చాలాసేపు తీస్తే, వేడి బయటికి పోయే చోటులేని చిన్న బాడీ తనంతట తాను ఆగిపోవచ్చు. బాడీ మరీ చిన్నదైతే పెద్ద లెన్సు బిగించినప్పుడు బరువంతా ముందుకు వాలి, పట్టు కుదరక మణికట్టు నొప్పెడుతుంది. బటన్లు ఇరుకై వేళ్లు తడబడతాయి. కొత్త మోడళ్లలో పట్టు మళ్లీ లోతుగా, బాడీ మళ్లీ పెద్దగా అవుతుండటానికి కారణం ఈ అనుభవమే.

ఖర్చు, భరోసా

బాడీ కొన్న తర్వాతనే ఖర్చు మొదలవుతుంది. 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినా, కొత్త మౌంటు లెన్సులు ఖరీదుగానే ఉన్నాయి. మరోవైపు, అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతుండటంతో మంచి డీఎస్ఎల్ఆర్ బాడీలు, లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతున్నాయి. చిన్న ఊరిలో కొత్తగా స్టూడియో పెట్టే యువకుడికి వాటితో మొదలుపెట్టడం లోపమేమీ కాదు. ఆ లెన్సులే రేపు అడాప్టర్‌తో కొత్త బాడీకి పనికొస్తాయి.

మౌంటు అంటే లెన్సు, బాడీ కలిసే ప్రమాణం. దానిని తయారీదారు వదిలేస్తే కొన్నవారి లెన్సులకు కొత్త బాడీ ఉండదు. శాంసంగ్ కొన్నేళ్లకే ఈ రంగం నుంచి తప్పుకుంది; 2011లో వచ్చిన నికాన్ 1 వరుస 2018లో ఆగిపోయింది; 2012లో మొదలైన కెనాన్ ఈఓఎస్ ఎం వరుస 2023 నాటికి ముగిసింది. ఈ మూడింటినీ అతి చిన్న పరిమాణమే ఆకర్షణగా కొన్నవారు చాలామంది. అందుకే కొనేముందు బాడీని చూసినంత శ్రద్ధగా ఆ మౌంటుకు ఎన్ని లెన్సులున్నాయి, ఇతర సంస్థలు కూడా లెన్సులు చేస్తున్నాయా, హైదరాబాద్‌లో సర్వీసు దొరుకుతుందా అన్నవి చూడాలి.

మొబైల్ ఫోన్ల పోటీ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పగటి వెలుగులో, వెడల్పు కోణంలో, తెర మీదనే చూసి వదిలేసే చిత్రానికి ఫోను చాలు. దూరపు పక్షి, చీకటి హాలు, పెద్ద ముద్రణ, నిజమైన మసక నేపథ్యం అవసరమైన చోట లెన్సు మార్చుకునే కెమెరాకు ఫోను ప్రత్యామ్నాయం కాదు. కేవలం బాడీతో పాటు వచ్చే కిట్ లెన్సుతోనే ఆగిపోయేవారు మాత్రం ఫోనును మించి పొందేది తక్కువ.

పనిని బట్టి ఎంపిక

పై అంశాలన్నిటినీ కలిపి చూస్తే చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల పనులకు కొన్ని స్పష్టమైన నిర్ణయాలు చేయవచ్చు. పెళ్లిళ్లు తీసేవారికి యాంత్రిక షట్టర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ బాడీ, ఎఫ్ 2.8 లేదా అంతకన్నా పెద్ద అపెర్చర్ లెన్సు, రెండు మెమరీ కార్డుల సౌకర్యం అవసరం. బరువు తగ్గించుకోవడం ఇక్కడ రెండో మాట. పక్షుల కోసం నడిచేవారికి క్రాప్ లేదా మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ, తేలికైన పొడవాటి లెన్సు ఎక్కువ ఫలితమిస్తాయి. తోటలు, పువ్వులు, పంటలు చిత్రించేవారికి చిన్న సెన్సర్, దగ్గర నుంచి తీయడానికి వీలైన ఒక మాక్రో లెన్సు చాలు. మర్రిచెట్ల వంటి, రేపు ఉంటాయో లేదో తెలియని వాటిని నమోదు చేసేవారికి ఎప్పుడూ సంచిలో ఉండగల చిన్న బాడీ, ఒక్క వెడల్పు కోణపు లెన్సు అన్నిటికన్నా విలువైనవి. నమోదు పని తరచుగా వెళ్లడం మీద ఆధారపడుతుంది, తరచుగా వెళ్లడం మోసే బరువు మీద ఆధారపడుతుంది.

అద్దం పోవడం వల్ల ఫొటోగ్రాఫరు చూపు మెరుగుపడింది, ఫోకస్ నమ్మదగినదైంది, నిశ్శబ్దం సాధ్యమైంది. దానికి బదులుగా విద్యుత్తు మీద ఆధారపడటం, దుమ్ము భయం, మౌంటు మారే ఖర్చు వచ్చాయి. తూచి చూస్తే లాభమే ఎక్కువ. కాని ఆ లాభం అందేది చేయబోయే పనిని ముందు నిర్ణయించుకుని, దానికి తగిన లెన్సును ఎంచుకుని, ఆ లెన్సుకు తగిన బాడీని చివర కొనేవారికే. దుకాణంలో చేతికి తేలికగా తగిలిన బాడీతో మొదలుపెట్టి వెనక్కి నడిచేవారికి ఈ కెమెరాల లోపాలే ముందుగా అనుభవంలోకి వస్తాయి.